నేను వద్దన్న రెగ్యులేటర్

బావ మునిగిపోయిన మూడో రోజు పొద్దున్న నేను నౌపడా స్టేషన్లో విజయనగరం వెళ్లే పాసింజరు ఎక్కాను. బావ అంటే మా అక్క మొగుడు. భావనపాడు నుంచి వేటకు వెళ్లే మరబోట్లలో ఒకదానికి డ్రైవరు. ఇంజను చూసుకోవడం, అది మొరాయిస్తే దాని పక్కన కూర్చుని బూతులు తిట్టి మరీ నడిపించడం ఆయన పని. ఆ సోమవారం బోటు నిండా చేపలతో తిరిగి వస్తుంటే ఇంజను ఆగిపోయింది. బావ కిందకి, ఇంజను గదిలోకి దిగాడు. అంతలో వెనకనుంచి లేచిన కెరటం బోటును పక్కకు పడేసింది. పైన ఉన్న నలుగురూ దూకి ఈదుకుంటూ బయటపడ్డారు. బావ రాలేదు. ఆ రోజు నాకు జ్వరం. లేకపోతే ఆ బోటులో ఇంకొకణ్ణి నేనే.

బోటు ఎక్కడుందో మాకు తెలుసు. ఒడ్డున ఉన్న రెండు పొడవాటి తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి, మహేంద్రగిరి కొన వాటికి ఎడమగా జానెడు దూరంలో కనిపించే చోటు. రెండు రోజులపాటు అక్కడ నీళ్ల మీద డీజిలు జిడ్డు తేలింది. తాడుకు రాయి కట్టి వదిలితే తొమ్మిది బారలు దిగింది. ఊపిరి బిగబట్టి మునగడం మాకు పుట్టుకతో వచ్చిన విద్యే గానీ, అది నాలుగైదు బారల ముచ్చట. తొమ్మిది బారలు దిగి, గదిలోకి దూరి, మనిషిని లాక్కుని రావడం ఎవరి తరమూ కాదు. ప్రయత్నించిన ఇద్దరికి ముక్కుల్లోంచి రక్తం వచ్చింది. మూడోవాడు తాడు పట్టుకుని ఏడ్చి తెప్ప ఎక్కేశాడు. ఆ మూడోవాణ్ణి నేనే.

ఆఫీసుల్లో అర్జీలు పెట్టాం. ప్రాణాలతో ఉన్నవాడి కోసమైతే ఏదైనా చూసేవాళ్లమని ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. నాకు ఇరవై రెండేళ్లు. కోపం తప్ప ఇంకేమీ లేదు నా దగ్గర.

మా వాడలో శవం దొరకని ఇంట చావు జరిగినట్టు ఒప్పుకోరు. పదో రోజు చేయరు. ఆడదాని గాజులు తీయరు. వినడానికి ఇది ఆమె మీద దయలా ఉంటుంది. కానీ మా పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె మొగుడు తెప్పతో సహా కనబడకుండా పోయాడు. పదకొండేళ్లు గాజులతో, బొట్టుతో ఉంది. ఆవిడకి పేరంటానికి పిలుపూ లేదు, పరామర్శకి వచ్చేవాళ్లూ లేరు. చివరికి ఒడ్డున దొరికిన ప్రతి చెక్కముక్కనీ ఇంటికి తెచ్చి కడిగి పెట్టుకునేది. మా అక్క ఆమెను రోజూ చూస్తూ పెరిగింది. అందుకే బావ పోయాక ఏడవలేదు. ఒడ్డున కూర్చుని, నేను కనబడితే ఒకటే మాట.

"ఒరే, మీ బావని అలగే వొగ్గీకురా. ఏటి సేస్తావో నాకు తెల్దు. పైకి తెచ్చీ."

ఉప్పు కొటారు గుమస్తా ఒకాయన చెప్పాడు, విజయనగరం అవతల తోటల్లో ఒక ముసలాయన ఉన్నాడని. నౌకాదళంలో మునిగే పని చేసి వచ్చాడట. తర్వాత మునిగిన సరుకు బార్జీలనుంచి ఇనుము తీసే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడట. నీళ్లలో గాలి పీల్చుకునే సామాను ఆయన ఇంట్లో ఉందట. ఇంతే తెలుసు నాకు. ఇంతమాత్రానికే రైలెక్కాను.

ముసలాయన అరుగు మీద కూర్చుని మోకాళ్లకి ఆవనూనె రాసుకుంటున్నాడు. లోతుల్లోంచి గబగబా పైకి వచ్చినందుకు కీళ్లు పాడైపోయాయని, ఇక నీళ్లలో దిగితే ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పారట. ఒక చెవి వినబడదు. నేను చెప్పిందంతా మంచి చెవి నా వైపు తిప్పి విన్నాడు.

"గాలిబుడ్డితో ఎప్పుడైనా దిగినావా?"

"లేదు బాబూ."

"ఎన్ని రోజులున్నాది నీకాడ?"

"ఇయ్యాలే ఎల్లిపోవాల బాబూ. ఇంక నాలుగు రోజులు పోతే వాయుగుండం వస్తాది. ఆ మీద సముద్రం దిగనివ్వదు."

"ఇయ్యాలే ఎల్తే నువ్వూ సస్తావు. మీ అప్పకి మొగుడూ ఉండడు, తమ్ముడూ ఉండడు. మూడు రోజులు ఉండు. నేర్పుతాను."

ఆయన కాళ్ల మీద పడ్డాను. లేవమని కసిరి లోపలికి తీసుకెళ్లాడు. గాలి నింపిన సిలిండర్లు రెండు ఉన్నాయి. ఇంకా కావాలంటే విశాఖపట్నం పంపి నింపించాలి, దానికి వారమో పది రోజులో పడుతుందన్నాడు. ఒక్కో సిలిండరు ఆ లోతులో ఇరవై నిమిషాలు వస్తుంది, కంగారు పడితే పదిహేనే. అంటే నాకు బావ దగ్గరికి వెళ్లడానికి రెండే అవకాశాలు. ఈ లెక్క అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సిలిండర్లో గాలి తుపాకిలో మందులా బిగించి ఉంటుంది. దాన్ని నేరుగా నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. మధ్యలో ఉండి, మనిషి పీల్చినప్పుడే, పీల్చినంతే గాలిని ఇచ్చేది రెగ్యులేటర్. ఆయన దగ్గర అవి రెండు ఉన్నాయి. కొయ్యపెట్టెలోంచి తీసి రెండింటినీ చాప మీద పెట్టాడు.

ఒకటి పాతరకం. ఇత్తడి డబ్బా ఒకటి సిలిండరు మీద, మెడ వెనక కూర్చుంటుంది. దానికి రెండు వైపులా మడతలు మడతలుగా రబ్బరు గొట్టాలు భుజాల మీదుగా వచ్చి నోటి దగ్గర, పళ్లతో కరుచుకునే నోటిముక్కలో కలుస్తాయి. ఒక గొట్టంలో మంచి గాలి వస్తుంది, రెండోదాంట్లో వదిలిన గాలి వెళ్లిపోతుంది. చూడగానే బాగా నచ్చింది నాకు. పెద్ద యంత్రంలా, నమ్మదగినదిలా ఉంది. రెండోది కొత్తరకం. సన్నటి గొట్టం ఒక్కటే, చివర నోట్లో పెట్టుకునే గుండ్రటి డబ్బా. అంతే. పిల్లల ఆటవస్తువులా ఉంది.

"కొత్తోడివి. నీకు ఇదే మంచిది," అని ముసలాయన ఒంటి గొట్టందాన్ని నా చేతిలో పెట్టాడు. "నోట్లోంచి జారిపోయినా మళ్లీ ఎట్టుకుని గట్టిగా ఊదితే నీళ్లు పోతాయి. ఆ జంటగొట్టం అలాగ కాదు. నోట్లోంచి జారితే గొట్టాల నిండా నీరు ఎక్కీస్తాది. పక్కకి పొర్లి ఊదాల. అదీ కాక, నోటిముక్క డబ్బా కన్నా పైకి తేలిందనుకో, గాలి ఆగకుండా పోతాది. బుడ్డి కాళీ అయిపోతాది."

దాన్ని నోటి దాకా తీసుకెళ్లాను. కొరికి పట్టుకునే రబ్బరు మీద పళ్ల గాట్లు ఉన్నాయి. ఒక పక్క బాగా లోతుగా, పన్ను కొంచెం వంకరగా ఉన్న మనిషివి.

"ఎవరిది బాబూ ఇది?"

ముసలాయన అబద్ధం చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క అబద్ధం చెప్పనందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం.

"నా కింద పని సేసినోడిది. బార్జీ కాడ పోనాడు. తప్పు దీనిది కాదు, ఆడిదే. పైకి వస్తా ఊపిరి బిగబట్టీసినాడు. దీన్ని నోట్లోంచి తీసింది నానే. విప్పి, కడిగి, మళ్లీ బిగించినాను. దీనికంటే మంచిది నాకాడ లేదు."

దాన్ని చాప మీద పడేశాను. కావాలని కాదు, చెయ్యి వదిలేసింది.

మా వాడలో సముద్రంలో పోయినవాడి తెడ్డు ఇంకొకడు పట్టడు. వాడి తాటాకు టోపీ ఎవడూ పెట్టుకోడు. ఒడ్డుకి కొట్టుకొస్తే మళ్లీ నీళ్లలోకే తోసేస్తాం. సముద్రం ఒకసారి రుచి చూసిన వస్తువు దగ్గర ఉంటే మళ్లీ దానికోసం వస్తుందని మా నమ్మకం. తెడ్డు సంగతే అంత ఉంటే, ఇది చచ్చేటప్పుడు ఒక మనిషి నోట్లో ఉన్నది. వాడి ఆఖరి ఊపిరి దీంట్లోంచే వెళ్లింది. దాన్ని నా నోట్లో పెట్టుకుని, ఇంకో చచ్చినవాడి దగ్గరికి వెళ్లాలి. భయమా, అసహ్యమా, చెప్పలేను. రెండూ.

"నాకు ఆ పెద్దదే బాగుంది బాబూ."

"ఎందుకురా?"

"గాలి ఒకదాంట్లోంచి వచ్చి ఇంకోదాంట్లోంచి పోతాది గదా. శుభ్రంగా ఉంటాది."

ముసలాయన నా ముఖంలోకి చూశాడు. అర్థమయ్యే ఉంటుంది. నౌకాదళంలో ఉన్నా ఆయనా ఈ వైపు మనిషే. ఒక్క మాట అన్నాడు. "నీ నోటికి నచ్చాల్సింది కాదు గదరా ఇది, నీ ఊపిరికి నచ్చాల."

ఒక రైతు పొలంలో పెద్ద నేలబావి ఉంది, నూనె ఇంజనుతో చెరకుకి నీళ్లు తోడేది. మూడు రోజులు అందులోనే, సముద్రానికి సరిపోనంత గాలి మిగిలిన ఇంకో పాత సిలిండరుతో నేర్చుకున్నాను. ముసలాయన గట్టు మీద కూర్చుని నా నడుముకి కట్టిన తాడు పట్టుకునేవాడు. నీళ్లలో ఊపిరి పీల్చడమనేది ఒళ్లంతా ఎదురుతిరిగే పని. పుట్టినప్పటినుంచి నీళ్లలో నోరు మూసుకోవడమే తెలిసినవాడికి మరీను. తల మునగగానే నాకు ఊపిరి దానంతట అదే బిగుసుకుపోయేది. తాడు గుంజి పైకి లాగి, ముసలాయన బెత్తంతో భుజం మీద కొట్టేవాడు. "బిగబట్టీకు! పైకి వచ్చేటప్పుడు బిగబడితే లోపల గాలి ఉబ్బి సస్తావు. పాట పాడినట్టు వొదుల్తా రా!" రెండో రోజు సాయంత్రానికి అలవాటైంది. బావి అడుగున కూర్చుని నా గుండె చప్పుడు నేనే విన్నాను. జంటగొట్టం చక్కగా పనిచేసింది. నీళ్లు తేటగా ఉన్నాయి, లాగేవాళ్లు లేరు, తగిలేది ఏదీ లేదు. నేను ఎంచుకున్నదే సరైనదని తెగ మిడిసిపడ్డాను.

మూడో రోజు ముసలాయన ఒంటిగొట్టందాన్ని బిగించి ఇచ్చాడు. "నా మాట కోసం ఒక్కసారి దిగు దీంతో," అన్నాడు. అంతలో రైతు పిలిస్తే లేచి కుంటుకుంటూ పాక దాకా వెళ్లాడు. నేను మెట్ల మీద నిలబడి దాన్ని నీళ్లలో ముంచి తీశాను. నెత్తి తడుపుకున్నాను. ఆయన తిరిగి వచ్చాక, దిగాను బాబూ, బాగానే ఉన్నాది గానీ నాకు పెద్దదే కుదిరింది అన్నాను. నన్ను నమ్మి చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. ఆ మజ్జిగ తాగడానికి నాకేమీ సిగ్గు వెయ్యలేదు.

వచ్చేటప్పుడు రెండు రెగ్యులేటర్లూ గోనెసంచిలో పెట్టాడు. "నీకు నచ్చిందే వాడు గానీ, ఇదీ నీ కూడా ఉండనీ," అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు. తను కూడా వస్తానని లేచి, నాలుగడుగులు వేసి, మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

సిలిండర్లతో రైలెక్కనివ్వరని ఇచ్ఛాపురం వైపు వెళ్లే సాలూరు లారీ ఎక్కించాడు. కొండల వైపు గొడవలు ముదిరిన రోజులవి. శ్రీకాకుళం దాటాక పోలీసులు లారీ ఆపి, సంచీ విప్పి, సిలిండర్లు చూసి నాలుగడుగులు వెనక్కి వేశారు. బాంబులనుకున్నారు. మునిగే సామానని ఎంత చెప్పినా వినలేదు. ముసలాయన రాసిచ్చిన ఉత్తరం చదవగలిగిన అధికారి వచ్చేదాకా చెట్టుకింద గొంతుక్కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నమంతా తూర్పు వైపే చూస్తూ కూర్చున్నాను. గాలి మారుతోంది. ఒక్కో గంటా బావ ఒంటిమీదనుంచి ఏదో ఒకటి పోతున్నట్టే ఉంది నాకు. చేపలు పట్టే కులంలో పుట్టినవాడికి, నీళ్లలో ఉన్న మాంసాన్ని ఏవేం తింటాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న, అంటే బావ మునిగిన ఎనిమిదో రోజున, మూడు తెప్పల మీద బయల్దేరాం. వలకి కట్టే సీసం గుళ్లు తాడుకి గుచ్చి నడుముకి కట్టుకున్నాను. కెరటాలు అప్పటికే బరువుగా ఉన్నాయి. పెద్దాళ్లు ఆకాశం చూసి, ఇయ్యాలొక్క రోజేరా అన్నారు. తాటిచెట్లు కలిసిన చోట రాయి వేశారు. జంటగొట్టం నోట్లో పెట్టుకుని రాయి తాడు పట్టుకుని దిగాను.

ఐదు బారలు దాటాక నీరు మడ్డి. చెయ్యి చాస్తే వేళ్లు కనిపించవు. బోటు నాకు కనిపించడానికి ముందు నెత్తికి తగిలింది. పక్కకి ఒరిగి పడి ఉంది. దాని మీద దాని సొంత వలే చుట్టుకుపోయింది. తడుముకుంటూ ఇంజను గది వైపు పాకాను. నాలుగడుగుల దూరం కూడా ఉండదు. అక్కడ వెనకనుంచి ఎవరో జుట్టు పట్టుకుని లాగినట్టు నోట్లోంచి గొట్టం ఊడిపోయింది. ఎవరూ లేరు. భుజం మీద ఉన్న రబ్బరు మడతల్లో వల కన్ను చిక్కుకుంది, అంతే. తెప్ప మీద కూర్చున్నప్పుడు ఎన్ని వేలసార్లు విడదీసి ఉంటాను అలాంటి చిక్కు!

నోటిముక్క నెత్తి మీదకి తేలి, ఉడుకుతున్న గంజిలా బుడగలు కక్కడం మొదలెట్టింది. ముసలాయన చెప్పిందంతా ఒక్కటీ పోకుండా గుర్తుంది. దాన్ని కిందకి లాగాలి, పక్కకి పొర్లాలి, ఊదాలి. లాగాను. పీల్చాను. ఉప్పునీరు గొంతులోకి వచ్చింది. మళ్లీ పొర్లబోతే వల కాళ్లకి చుట్టుకుంది. ఇక నేను మనిషిని కాను. కత్తితో వలనీ, నా కాలినీ కలిపి కోసుకుని, సీసం గుళ్ల తాడు తెంపేసి, అరుచుకుంటూ పైకి తన్నుకొచ్చాను. ఆ అరుపే నన్ను బతికించింది. ఊపిరి బిగబట్టకుండా వదిలేశాను కదా.

తెప్ప మీదకి లాగి పడుకోబెట్టారు. రక్తం, వాంతి. నా వీపు మీద సిలిండరు ఇంకా బుస్సుమంటూనే ఉంది. దాన్ని ఎలా కట్టాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు చెయ్యి ఆడలేదు. అందరం దాని చుట్టూ కూర్చుని అది చివరిదాకా ఖాళీ అవడం విన్నాం.

ఒక సిలిండరు మిగిలింది. జంటగొట్టం రబ్బరు రెండు చోట్ల చిరిగింది. ఒక పెద్దాయన గోనెసంచి నా ముందుకి తోశాడు. ఆయనకి ఒంటిగొట్టం సంగతి తెలియదు, నేను చెప్పలేదు. దాన్ని బయటికి తీశాను. పళ్ల గాట్లు చూడకుండా కళ్లు మూసుకున్నాను. మూడుసార్లు సముద్రపు నీళ్లతో కడిగాను. ఇంకో వల సీసం గుళ్లు నడుముకి కట్టుకుని, గంగమ్మకి దండం పెట్టి నోట్లో పెట్టుకున్నాను.

గాలి వచ్చింది. నేను అడిగానో లేదో, వచ్చింది. ఒడ్డున అరుగు మీద కూర్చుని పీల్చినంత తేలిగ్గా ఉంది. తాడు వెంట దిగుతూ, కళ్లకి పెట్టుకున్న అద్దం లోపల ఏడ్చాను. వల ఒకసారి దీన్ని కూడా లాగింది. నోట్లోంచి ఊడింది. పట్టుకుని, పెట్టుకుని, ఒక్కసారి ఊదాను. అంతే, మళ్లీ గాలి. ఇంత సులువు. ముసలాయన ఇదే చెప్పాడు.

ఇంజను గది వాకిలికి అడ్డంగా వల, చేపల బుట్టలు, చెక్కలు. వాటిని కోసి తొలగించడానికే సగం గాలి అయిపోయి ఉంటుంది. నడుము దాకా లోపలికి దూరాను. చీకట్లో చెయ్యి చాచాను. బావ చెయ్యి దొరికింది.

మణికట్టు పట్టుకుని లాగాను. వచ్చాడు, జానెడు వచ్చి ఆగిపోయాడు. ఒంటి వెంట తడుముకుంటూ వెళ్తే కుడికాలు ఇంజనుకీ, పక్కకి జారిపడ్డ ఇనుప దిమ్మకీ మధ్య ఉంది. దిమ్మని రెండు చేతులతో ఎత్తాను. కదిలింది. అబద్ధం చెప్పడం లేదు, అది కదిలింది. ఇంకొంచెం ఎత్తి, కాలు ఇవతలికి తోయాలి. అంతలో ఊపిరి బరువెక్కింది. సిలిండరు పక్కన ఉన్న చువ్వ లాగితే దాచి ఉంచిన గాలి కొద్దిగా వస్తుందని ముసలాయన చెప్పాడు. లాగాను. వచ్చింది. మళ్లీ దిమ్మ పట్టుకున్నాను. ఇంకో నాలుగు నిమిషాలుంటే చాలు. మూడున్నా చాలు. ఆ గాలి కూడా బిగుసుకోవడం మొదలెట్టింది. పీలుస్తుంటే గోడని పీల్చినట్టుంది.

బావ మొలతాడు కత్తితో కోసి పిడికిట్లో పట్టుకున్నాను. దానికి అక్క కట్టిన వెండి తాయెత్తు ఉంది. ఇంకో చేత్తో మళ్లీ ఆయన మణికట్టు పట్టుకున్నాను. దాన్ని వదిలాను. ఇప్పటిదాకా నా శరీరంతో చేసిన పనులన్నిట్లోకీ కష్టమైనది అదే. కెరటం లాగలేదు, జారిపోలేదు. నేనే వేళ్లు విప్పాను.

ఆ సాయంత్రమే గాలివాన మొదలైంది. ఐదు రోజులు కొట్టింది. అది తగ్గాక రాయి వేస్తే ఇసకే తగిలింది, బోటు లేదు. ముక్కలై ఎటో పోయింది. ఒంటి మీది వస్తువు దొరికింది కాబట్టి పెద్దలు ఒప్పుకుంటే, తాటాకులతో మనిషి బొమ్మ కట్టి, దానికి ఆ మొలతాడు చుట్టి ఒడ్డున కాల్చాం. అంతకు ముందు అక్క నన్ను పక్కకి పిలిచింది.

"ముకం సూసినావా?"

"సూసినాను అక్కా."

"ఎలాగున్నాడు?"

"తొంగున్నట్టే ఉన్నాడు." చీకట్లో నేను ముఖం చూడలేదు. చేత్తో తడిమాను. తడిమిన దాన్ని గురించి ఎవరికీ చెప్పను.

అక్క తన గాజులు తనే పగలగొట్టుకుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పదో రోజు దాటాక చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి సంతకి వెళ్లడం మొదలెట్టింది. వాడలో నేను పెద్ద మొనగాణ్ణి అయిపోయాను. ప్రాణానికి తెగించి రెండుసార్లు దిగిన తమ్ముడు! కల్లుపాక దగ్గర నాకు చోటిచ్చేవాళ్లు. అక్క అయితే ఎవరు దొరికితే వాళ్లకి చెప్పేది. "ఆడికాడ ఏటున్నాదో దాంతోనే దిగినాడు. మనిషన్నోడు అంతకంటే ఏటి సేస్తాడు?" కూర వండితే ముందు నా పళ్లెంలోకే వడ్డించేది. మొహం చెల్లక ఆ ఇంటి వైపు వెళ్లడం తగ్గించేశాను. తగ్గిస్తే పక్కింటి పిల్లని పంపి మరీ పిలిపించేది.

రెండేళ్లు మోశాను. మూడో ఏట ఎండాకాలంలో ఒక పగలు, అక్క ఒడ్డున ఇసకలో మెత్తళ్లు ఆరబోసి తిప్పుతోంది. పక్కన కూర్చుని నేనూ తిప్పుతూ మొత్తం చెప్పేశాను. రెండు రెగ్యులేటర్లు ఉన్నాయనీ, మంచిది నేను వద్దన్నాననీ, అందుకే మొదటి సిలిండరు వృథా అయిపోయిందనీ, బావ కాలు మీది దిమ్మ కదిలిందనీ. ముసలాయనతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. ముఖం సంగతి మాత్రం చెప్పలేదు.

అక్క చేపలు తిప్పుతూనే వింది. నేను ఆపాక అడిగింది.

"ఎందుకు వొద్దన్నావు?"

"సచ్చినోడి నోట్లోది అక్కా అది."

"రెండోసారి అదే ఎట్టుకున్నావు గదా."

"ఔను."

"ఏటయినాది నీకు?"

గాలి చక్కగా వచ్చింది. తిరిగి వచ్చాను. రెండేళ్ల పైనుంచి తింటున్నాను, తిరుగుతున్నాను, ఒడ్డున కూర్చుని మాట్లాడుతున్నాను.

"ఏటీ అవలేదు అక్కా."

"ఏటీ అవలేదా," అంది అక్క. చేతిలో చేపలు పట్టుకునే ఆ ఇసకలో, ఆరబోసిన మెత్తళ్ల మధ్య చతికిలబడిపోయింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించి కొట్టింది. తర్వాత గుండెలు బాదుకుంటూ, బావని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆయన మునిగిన రోజు ఏడవలేదు, తాటాకు బొమ్మ కాలుతుంటే ఏడవలేదు. అక్క ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను.